పెన్షన్ సొమ్ము ఎవరి ఖాతాలో ఉంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చెన్నైలోని అంబత్తూరు, పాడి, మనలి, దగ్గర్లోని శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీల్లో పనిచేసి దిగిన తెలుగువారి ఉత్తరాలు ఈసారి ఎక్కువ వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే గోడు: ఇస్తామన్నది ఒకటి, చేతికొచ్చింది ఒకటి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. ఊళ్లు ఉంచి, పేర్లు తీసేశాం.

ప్రశ్న (అంబత్తూరు): 1996 సెప్టెంబరు 1న ఒక ప్రెస్ షాపులో చేరాను. 2024 ఆగస్టు 31న 58 నిండి రిటైరయ్యాను. చివరి బేసిక్, డీఏ కలిపి 31,000. టైమాఫీసులో ఎప్పుడడిగినా "సగం జీతం పెన్షన్ వస్తుందయ్యా" అనేవారు. వస్తున్నది నాలుగు వేల చిల్లర. లెక్క తప్పారా?

జవాబు: తప్పి ఉంటే వందల్లో తప్పి ఉంటారు గానీ వేలల్లో కాదు. ముందు "సగం జీతం" మాట ఎక్కడిదో చూడండి. 1995 నవంబరు 16 నుంచి అమల్లో ఉన్న ఉద్యోగుల పెన్షన్ పథకంలో సూత్రం ఇది: పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 35 ఏళ్లు చేస్తే 35ను 70తో భాగిస్తే సగం. మీ టైమాఫీసు అక్కడే ఆగిపోయింది. ఆ జీతం మీ అసలు జీతం కాదు, పథకం పెట్టిన పరిమితి లోపలి జీతం. ఆ పరిమితి 2001 జూన్ నుంచి 6,500, 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000. అంటే పరిమితి మీద 35 ఏళ్లు నిండుగా చేసినా 7,500 దాటదు.

ఇక మీ లెక్క. 2014 ఆగస్టు 31 వరకు 18 ఏళ్లు: 6,500ను 18తో గుణించి 70తో భాగిస్తే 1,671. ఆ తర్వాత 10 ఏళ్లు: 15,000ను 10తో గుణించి 70తో భాగిస్తే 2,143. కలిపితే 3,814. 58 ఏళ్లకు దిగిన మనిషికి 20 ఏళ్ల సర్వీసు ఉంటే రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు. అది కలిస్తే నాలుగు వేలు, ఆపైన కొంచెం. కాబట్టి మీకు వస్తున్నది సూత్రం ప్రకారమే.

అయినా రెండు చోట్ల సరిచూసుకోండి. ఒకటి, ఆ బోనస్ కలిపారా లేదా. రెండోది, ఫ్యాక్టరీ మనుషులకు నిజంగా దెబ్బ తగిలే చోటు: జీతం లేని రోజులు. స్ట్రైకులు, లాకౌట్లు, లాస్ ఆఫ్ పే సెలవులు, వీటన్నిటినీ నెలనెలా పీఎఫ్ రిటర్న్‌లో "ఎన్‌సీపీ డేస్" అనే గడిలో వేస్తారు. అవి సర్వీసులోంచి తీసేస్తారు. ఒక ఏడాది అలా పోతే, 2014కు ముందుదైతే నెలకు 93 రూపాయలు, తర్వాతిదైతే నెలకు 214 రూపాయలు బతికినంత కాలం తగ్గుతాయి. చిక్కేమిటంటే, లేఆఫ్ అయి సగం జీతం ఇచ్చిన నెలల్లోనూ, సెటిల్‌మెంట్‌లో తర్వాత జీతం కట్టిచ్చిన స్ట్రైకు రోజుల్లోనూ కొన్ని కంపెనీలు ఆ గడిలో అంకె వేసి వదిలేస్తాయి. జీతం తర్వాత ఇచ్చారు, రిటర్న్ మాత్రం సరిచేయలేదు.

ఇది పట్టుకోవాలంటే పెన్షన్ లెక్క షీటు కావాలి. పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఆన్‌లైన్‌లో రుసుము 10 రూపాయలు. "నా పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఆర్డరు) నంబరుకు సంబంధించిన పెన్షన్ లెక్క షీటు, ఏడాదివారీ ఎన్‌సీపీ రోజుల వివరం, లెక్కకు తీసుకున్న 60 నెలల సగటు జీతం" అని మూడే అడగండి. కథంతా రాస్తే జవాబు కూడా కథలాగే వస్తుంది. షీటు వచ్చాక మీ పే స్లిప్పులతో పోల్చి తేడా ఉన్న నెలలు మాత్రమే ఎత్తి చూపుతూ, కంపెనీ చేత సరిచేసిన రిటర్న్ పంపించమని అడగాలి.

అసలు జీతం మీద పెన్షన్ అనే దారి ఒకటి ఉండేది. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, యజమానితో కలిసి ఆప్షన్ ఇచ్చేందుకు 2023 జూలై 11 వరకు గడువిచ్చారు. అప్పుడు మీరు దరఖాస్తు పెట్టి ఉండకపోతే ఇప్పుడు ఆ తలుపు మూసే ఉంది. "ఇప్పటికీ చేయిస్తాం, ఖర్చులు పెట్టుకోండి" అని ఎవరైనా వస్తే పైసా ఇవ్వకండి. పెట్టి ఉండి డిమాండ్ నోటీసు అందినవాళ్లు సంతకానికి ముందు ఒక లెక్క వేసుకోవాలి. పరిమితికి మించిన జీతం మీద ఇన్నేళ్ల 8.33 శాతం, దాని వడ్డీ మీ పీఎఫ్‌లోంచి తీసుకుంటారు. పీఎఫ్ ముందే డ్రా చేసి ఉంటే చేతి నుంచి కట్టాలి. ఆ మొత్తాన్ని పెరిగే నెల పెన్షన్‌తో భాగించండి. వచ్చిన నెలల సంఖ్య పది పన్నెండేళ్లు దాటితే, మీ వయసు, ఆరోగ్యం, మీ తర్వాత ఇంట్లో ఆవిడకు వచ్చేది సగమే అన్న సంగతి మూడూ ముందు పెట్టుకుని తేల్చుకోండి. కట్టిన సొమ్ము తర్వాత వారసులకు తిరిగి రాదు.

ప్రశ్న (పాడి): మా కాస్టింగ్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆఖరి 14 నెలలు జీతంలో పీఎఫ్ కోసుకున్నారు గానీ పాస్‌బుక్‌లో ఒక్క నెలా పడలేదు. నాకు వచ్చే మార్చికి 58. పెన్షన్‌లో ఆ 14 నెలలు పోయినట్టేనా? ఓనరు ఫోన్ ఎత్తడం లేదు.

జవాబు: పెన్షన్ వేరు, పీఎఫ్ నిల్వ వేరు. ఈ రెంటినీ విడదీసి చూడండి.

పెన్షన్ పథకంలో చందా సర్వీసుకు ఇచ్చిన నిర్వచనం చూడండి: చందా అందిన కాలం, లేదా అందవలసి ఉన్న కాలం. ఆ "అందవలసి ఉన్న" అన్న రెండు మాటలే మీ ఆస్తి. మీరు పనిచేశారని, జీతం తీసుకున్నారని రుజువు చేస్తే, యజమాని కట్టకపోయినా ఆ 14 నెలలు పెన్షన్ సర్వీసులోకి రావాలి. కౌంటర్ దగ్గర "పాస్‌బుక్‌లో లేదు, కాబట్టి లేదు" అంటారు. అక్కడ ఈ నిర్వచనం ఎత్తి చూపుతూ రాతపూర్వకంగా అడగండి. పీఎఫ్ నిల్వ మాత్రం యజమాని నుంచి వసూలైన మేరకే చేతికొస్తుంది. అది వేరే పోరాటం.

రుజువులకు ఈ కాగితాలు కావాలి: 14 నెలల పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16. పే స్లిప్పులు లేనివాళ్లు బెంగపడక ఈఎస్ఐ వైపు చూడండి. ఈఎస్ఐ పోర్టల్‌లో మీ బీమా నంబరుతో లాగిన్ అయితే ఏ నెల ఎన్ని రోజులకు ఎంత జీతం చూపారో కనిపిస్తుంది. పీఎఫ్ ఎగ్గొట్టిన యజమాని చాలాసార్లు ఈఎస్ఐ కడుతూనే ఉంటాడు, లేకపోతే కార్మికుడికి మందు ఆగి గొడవ అదే రోజు గేటు దగ్గరికొస్తుంది. జీతం 21,000 దాటినవాళ్లు ఈఎస్ఐ పరిధిలో ఉండరు, వాళ్లకు బ్యాంకు స్టేట్‌మెంటే ఆధారం.

ఇంకొక రుజువు మీ ఫోన్‌లోనే ఉంది. పీఎఫ్ వెబ్‌సైట్‌లో "ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్" అనే పేజీ తెరిచి మీ కంపెనీ కోడ్ కొట్టండి. చెల్లింపు వివరాలు అనే చోట నొక్కితే ఏ జీతపు నెలకు, ఏ తేదీన, ఎంత సొమ్ము, ఎంతమంది పేరిట జమ అయిందో వరసగా వస్తుంది. లాగిన్ అక్కర్లేదు. 180 మంది పేర్లున్న కంపెనీ ఒక నెల నుంచి 22 మందికే కట్టిందంటే, ఆ పట్టిక మీద ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ప్రింటు తీసుకోండి. (పనిలో ఉన్నవాళ్లు కూడా మూడు నెలలకొకసారి ఈ పేజీ చూస్తుండాలి. కంపెనీ కుదేలవుతోందన్న సంగతి క్యాంటీన్ కబుర్ల కంటే ఇక్కడ ముందు తెలుస్తుంది.)

ఫిర్యాదు ఒక్కరు వేస్తే ఒక కాగితం, ఇరవై మంది కలిసి వేస్తే కేసు. అందరి యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు), మెంబర్ ఐడీ, కట్టని నెలలు, ప్రతి నెలా కోసిన మొత్తం ఒకే పట్టికగా రాసి ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి, కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి. అదే పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా వేసి నంబరు దాచుకోండి. ప్రతి నెల 27న "నిధి ఆప్కే నికట్" పేరిట జిల్లాల్లో శిబిరం పెడతారు, అక్కడ అధికారి ఎదురుగా కూర్చుని అడగవచ్చు.

మీరు అడగవలసింది యజమాని బాకీ తేల్చే విచారణ, పాత పీఎఫ్ చట్టంలో 7ఏ విచారణ అనేవారు. అందులో అధికారికి సివిల్ కోర్టు లాగా సమన్లు పంపే, రికార్డు తెప్పించే అధికారం ఉంది. బాకీ తేల్చి ఆర్డరు ఇస్తారు, దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, విడిగా డ్యామేజీలు ఉంటాయి. యజమాని అప్పీలుకు వెళ్లాలంటే మామూలుగా బాకీలో కొంత భాగం ముందు జమ చేయాలి, అందుకే ఈ ఆర్డరుకు పదునుంది. కాలం సాగదీయకండి: 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఇలాంటి విచారణ మొదలుపెట్టడానికి ఐదేళ్ల గీత గీసింది.

మీ జీతంలోంచి కోసిన 12 శాతం కట్టకపోవడం క్రిమినల్ నమ్మకద్రోహం కిందికే వస్తుంది. పోలీసు ఫిర్యాదులో ఆ వాటా గురించి మాత్రమే రాయండి. యజమాని వాటా కూడా కలిపి రాస్తే కేసు పలచబడుతుంది.

కంపెనీ దివాలా కోర్టుకు వెళ్లి ఉంటే, ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే లిక్విడేటరుకు క్లెయిము పెట్టాలి. దివాలా చట్టం 36(4) ప్రకారం పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల నుంచి కార్మికులకు రావలసిన సొమ్ము కంపెనీ ఆస్తుల కుప్పలో కలవదు, బ్యాంకులు దాని మీద చెయ్యి వేయకూడదు. ఈ సెక్షను క్లెయిము మొదటి పేరాలోనే రాయండి. కొందరు లిక్విడేటర్లు అన్నిటినీ ఒకే జాబితాలో పడేస్తారు.

ఇవన్నీ తేలేదాకా పెన్షన్ ఆపుకోకండి. 58 నిండగానే పెన్షన్ దరఖాస్తు ఫారం 10డి వేసి, ఆ 14 నెలల వివాదం పక్కన పెట్టి, ఉన్న సర్వీసుకు పెన్షన్ మొదలుపెట్టమని కవరింగ్ లెటర్ జతచేయండి. తర్వాత రివిజన్ అడగవచ్చు.

ప్రశ్న (తిరువొత్తియూరు): మేం కార్మికులం కాదు, స్టాఫ్. కంపెనీ సొంత పెన్షన్ ఇస్తామని రిటైర్మెంట్ ఆర్డరులోనే రాసిచ్చింది. ఆరేళ్లు ఇచ్చి, ఆర్థిక ఇబ్బందులంటూ ఆపేసింది. యూనియన్ వాళ్లకు ఏదో సెటిల్‌మెంట్ జరిగింది, మమ్మల్ని పట్టించుకునేవారు లేరు. ఆర్డరు కాగితం చేతిలో ఉంది కదా, పని చేయదా?

జవాబు: ఆర్డరు కాగితం మాట. డబ్బు ఎక్కడుందో చెప్పే కాగితం మరొకటి ఉంటుంది. మీ బ్యాంకు పాస్‌బుక్ తెరిచి, ఆ ఆరేళ్లలో పెన్షన్ పడిన వరసలు చూడండి. సొమ్ము పంపినవారి పేరు ఎల్ఐసీ లాంటి బీమా సంస్థదా, "సూపర్‌యాన్యుయేషన్ ఫండ్ ట్రస్ట్" అన్నదా, లేక నేరుగా కంపెనీదా? మీ కేసు ఎంత గట్టిదో ఆ ఒక్క వరసలో తెలుస్తుంది.

బీమా సంస్థ పేరుంటే కంపెనీ మీ పేరిట యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ చెల్లించే పాలసీ, కొని పెట్టిందన్నమాట. కంపెనీ మూతపడ్డా, అమ్ముడుపోయినా దానికి ఆపే హక్కు లేదు. ఆగిందంటే లైఫ్ సర్టిఫికెట్టో, బ్యాంకు ఖాతా మార్పో కారణమై ఉంటుంది. పాలసీ నంబరుతో ఆ సంస్థ పెన్షన్, గ్రూపు విభాగానికి వెళ్లండి.

ట్రస్టు పేరుంటే ట్రస్టు డీడ్, నియమాలు, చివరి యాక్చూరియల్ నివేదిక (ఇవ్వాల్సిన పెన్షన్లకు నిధి చాలుతుందా అని వేసిన లెక్క) అడగండి. మామూలుగా కొరత ఏర్పడేది ఇలా: ఏటా ఇంత అని ఖాయంగా మాటిచ్చిన పథకంలో, వడ్డీ రేట్లు పడిపోయినా, మనుషులు ఎక్కువ కాలం బతికినా ఆ తేడా కంపెనీ పోయాలి. లాభాలు తగ్గిన సంవత్సరాల్లో పోయదు. లోటు పైకి కనిపించదు గానీ వార్షిక నివేదికలో ఉద్యోగుల ప్రయోజనాల నోట్‌లో అప్పు ఎంత, దానికి ఎదురుగా నిధిలో ఆస్తి ఎంత అని వేసి తీరాలి. ఆ నివేదికలు కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ఒక్కో కంపెనీ పత్రాలకు 100 రూపాయలు కడితే చూడవచ్చు. గత ఐదేళ్ల నోట్లు పక్కపక్కన పెట్టండి, ఏ ఏడాది నుంచి పోయడం మానేశారో కళ్ల ముందుంటుంది. ట్రస్టీల మీద పోరాటానికి అది ఆయుధం.

నేరుగా కంపెనీ పేరుంటే పరిస్థితి బాగాలేదు. అంటే నిధి లేదు, ఏ నెల డబ్బు ఆ నెల జేబులోంచి ఇచ్చారు. దివాలా తీస్తే మీరు బాకీదారుల వరసలో నిలబడాలి. ఆ వరసలో కూడా స్టాఫ్‌కు చోటు వెనకే: దివాలా చట్టంలోని 53వ సెక్షను ప్రకారం కార్మికులకు 24 నెలల బాకీ తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా వస్తుంది. మిగతా ఉద్యోగులకు 12 నెలల బాకీ మాత్రమే, అదీ వాళ్ల తర్వాత. కంపెనీ ఇంకా నడుస్తుంటే మాత్రం ఇప్పుడే సివిల్ కోర్టుకు వెళ్లడం మేలు. దివాలా పిటిషన్‌ను విచారణకు తీసుకున్నాక దావాలు ఆగిపోతాయి. లేబర్ కోర్టు మేనేజరు, సూపర్‌వైజరు హోదాల్లో చేసినవారికి సాధారణంగా తలుపు తీయదు.

స్టాఫ్‌కు ఈ అన్యాయం మన దగ్గరే కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1999లో తన విడిభాగాల విభాగాన్ని డెల్ఫై పేరుతో విడదీసింది. విడదీసేటప్పుడు యూనియన్ కార్మికుల పెన్షన్ తగ్గితే తేడా తానే పూడుస్తానని రాసిచ్చింది, జీతగాళ్ల స్టాఫ్‌కు అలాంటి కాగితం లేదు. డెల్ఫై 2005లో దివాలా తీసింది. 2009లో దాని పెన్షన్ పథకాలు ప్రభుత్వ పెన్షన్ హామీ సంస్థ చేతికి వెళ్లాయి. ఆ సంస్థ చెల్లింపులకు చట్టం పైపరిమితి పెట్టింది. యూనియన్ వాళ్లకు తేడా పూడింది, దాదాపు 20,000 మంది స్టాఫ్‌కు పూడలేదు, కొందరు 70 శాతం దాకా పోగొట్టుకున్నారు. కేసును చివరికి 2022 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. పరిమితి ఉన్నా అక్కడ కనీసం హామీ సంస్థ ఉంది. కంపెనీ సొంత పెన్షన్లకు మన దేశంలో అలాంటిది లేదు. కాబట్టి ఇంకా ఉద్యోగంలో ఉన్న స్టాఫ్ మిత్రులు, కంపెనీ చేతులు మారుతోందంటే మొట్టమొదట అడగవలసిన ప్రశ్న: పెన్షన్ నిధి ఎవరి పేరిట ఉంది, కొత్త యజమాని దాని బాధ్యత కొనుగోలు ఒప్పందంలో ఒప్పుకున్నాడా?

ప్రశ్న (కొరట్టూరు): ముప్పై ఏళ్లు గ్రైండింగ్ సెక్షన్‌లో చేశాను. లైఫ్ సర్టిఫికెట్‌కి వెళితే వేలిముద్ర పడటం లేదు. పెన్షన్ నాలుగు నెలలుగా రావడం లేదు.

జవాబు: గ్రైండింగ్, బఫింగ్, ఫౌండ్రీ చేతులకు ఇది మామూలే. వేలి మీద గీతలు అరిగిపోయి, చివరలు గాజులా నున్నగా ఉంటాయి. పొడిగా ఉన్న వేలిని యంత్రం అసలు పట్టదు. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి, తుడిచి, చెమ్మ ఇంకా కాస్త ఉండగానే పెట్టి చూడండి. బొటనవేలు ఒక్కటే పెట్టకండి. ఉంగరపు వేలు, చిటికెన వేలు పనిలో తక్కువ అరుగుతాయి, చాలాసార్లు అవే పడతాయి.

అవీ పడకపోతే ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. మీ పిల్లల ఆండ్రాయిడ్ ఫోన్‌లో "జీవన్ ప్రమాణ్" యాప్, "ఆధార్ ఫేస్ ఆర్‌డీ" యాప్ రెండూ వేయించండి. కిటికీకి ఎదురుగా కూర్చోండి, వెనక వెలుతురు ఉండకూడదు. కళ్లజోడు తీసి, కెమెరా చూస్తూ రెప్ప ఆర్పమన్నప్పుడు ఆర్పాలి. ఆధార్‌లో ఫొటో బాగా పాతదైతే కుదరకపోవచ్చు, ముందు ఆధార్ కేంద్రంలో ఫొటో మార్పించండి. లేదంటే పోస్టుమ్యాన్‌ని ఇంటికి పిలిపించుకోవచ్చు, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఆ సేవ చేస్తుంది.

ఫారంలో రెండు తప్పులు అందరూ చేస్తారు. పెన్షన్ మంజూరు చేసే సంస్థ అన్నచోట పీఎఫ్ సంస్థను ఎంచుకోకుండా మరొకటి నొక్కడం. పీపీఓ నంబరు బదులు యూఏఎన్ వేయడం. సర్టిఫికెట్ తయారైనట్టు మెసేజ్ వస్తుంది గానీ పీఎఫ్ కార్యాలయం తిరస్కరిస్తుంది. వేసిన నాలుగైదు రోజులకు పోర్టల్‌లో స్థితి చూసుకోండి. వేరే పెన్షన్ కూడా వస్తుంటే దానికి విడిగా మరో సర్టిఫికెట్ చేయాలి.

పీఎఫ్ పెన్షన్‌కు నవంబరే అని గడువేమీ లేదు. ఏడాదిలో ఏ రోజైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన తేదీ నుంచి సంవత్సరం చెల్లుతుంది. కాబట్టి నవంబరు రద్దీ వదిలేసి, మీ పుట్టినరోజునో, ఇంట్లో గుర్తుండే మరో రోజునో పెట్టుకోండి. ఆగిన నాలుగు నెలలది సర్టిఫికెట్ ఒప్పుకున్నాక బాకీతో సహా పడుతుంది.

ప్రశ్న (పెరంబూరు): మావారు పెన్షన్ తీసుకుంటూ కాలం చేశారు. ఆయన పేరు ఫ్యాక్టరీలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, మరణ ధ్రువపత్రంలో ఇంకోలా ఉందని నా పెన్షన్ ఆపారు. ఆయనకు 2,640 వచ్చేది. నాకు ఎంత వస్తుంది?

జవాబు: అమ్మా, మీకు అందులో సగం, నెలకు 1,320 రావాలి. ఒకవేళ సగం లెక్క 1,000 కంటే తగ్గినా 1,000 ఇవ్వాలి, 2014 సెప్టెంబరు నుంచి అదే కనీసం. పదేళ్లు దాటినా ఆ వెయ్యి కదలలేదు. 2013లో భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన రాజ్యసభ కమిటీ మూడు వేలు సిఫారసు చేసింది.

25 ఏళ్ల లోపు పిల్లలుంటే ఇద్దరి వరకు ఒక్కొక్కరికి మీ పెన్షన్‌లో నాలుగో వంతు అదనం. వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే వయసుతో నిమిత్తం లేకుండా జీవితాంతం, ఈ సంగతి దరఖాస్తులో రాయకపోతే ఎవరూ అడగరు.

పేరు చిక్కు చెన్నై తెలుగువారి ఇళ్లలో చాలా ఉంది. ఇక్కడి ఫ్యాక్టరీ క్లర్కు ఇంటిపేరు ఎరగడు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. ఇంటిపేరు కొండపల్లి, తండ్రి రామయ్య అనుకోండి. ఫ్యాక్టరీలో ఇనీషియల్ ఆర్ అయింది. ఆధార్ ఆంధ్ర చిరునామాతో తీసుకున్నప్పుడు కొండపల్లి ముందుకొచ్చింది. కార్పొరేషన్ మరణ ధ్రువపత్రం ఆసుపత్రి రాసిచ్చినట్టు పడింది. ఒకే మనిషి, మూడు పేర్లు.

మూడూ మార్పించాలని తిరగకండి. పోయిన మనిషి ఆధార్ మార్చలేరు. మరణ ధ్రువపత్రంలోది అచ్చు తప్పైతే జనన మరణాల రిజిస్ట్రార్ దగ్గర సరిచేయించండి. ఇనీషియల్ తేడాకైతే "ఈ మూడు పేర్లూ ఒకే వ్యక్తివి" అని నోటరీ అఫిడవిట్, దానికి ఆధారంగా మూడు పేర్లనూ ముడివేసే కాగితం ఒకటి చాలు. బ్యాంకు పెన్షన్ పాస్‌బుక్, రేషన్ కార్డు, ఆయన పదో తరగతి సర్టిఫికెట్‌లో తండ్రి పేరున్న పేజీ, వీటిలో ఏదైనా పనికొస్తుంది. మీ పేరు, మీ పుట్టిన తేదీ ఆయన పీపీఓలో ఎలా ఉన్నాయో కూడా చూడండి. చాలా పీపీఓల్లో భార్య పేరు ముద్దుపేరుతో ఉంటుంది. ఇది ఆయన ఉండగా ఒక్క సంతకంతో సరిపోయే పని. పెన్షన్ తీసుకుంటున్న మగవారు ఈ రాత్రే పీపీఓ తీసి భార్య పేరు, ఆమె ఆధార్ పేరు పక్కపక్కన పెట్టి చూడాలి.

మీ పేరిట విడిగా ఖాతా ఉండాలి, జాయింటు ఖాతాలో ఆయన పేరు ముందుంటే వెనక్కి పోతుంది. 2025 జనవరి నుంచి చెల్లింపు కేంద్రీకృతమైంది కాబట్టి ఏ బ్యాంకు ఏ శాఖ అయినా ఫర్వాలేదు, ఊరికి వెళ్లిపోయినా బదిలీ అక్కర్లేదు.

ప్రశ్న (శ్రీపెరుంబుదూరు): నా సర్వీసు 9 సంవత్సరాల 7 నెలలు. పదేళ్లు లేవు కాబట్టి పెన్షన్ సొమ్ము డ్రా చేసుకోమంటున్నారు. వయసు 51.

జవాబు: చేయకండి. ఆరు నెలలు, ఆపైన ఉన్న భాగాన్ని నిండు సంవత్సరంగా లెక్కించాలి, కాబట్టి మీకు పదేళ్లున్నట్టే. ఫారం 10సిలో డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్, అంటే మీ సర్వీసు లెక్కను నిలిపి ఉంచే కాగితం, అడిగి తీసుకోండి. పర్మనెంట్ కాకముందు కాంట్రాక్టరు కింద చేసిన నెలలు ఉంటే ఆ కోడ్‌లోని సర్వీసు కూడా కలపమనండి. ఇప్పుడే, అంటే 50 దాటాక ముందస్తు పెన్షన్ తీసుకోవచ్చు గానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గిస్తారు, ఆ తగ్గింపు బతికినంత కాలం ఉంటుంది. మీ వయసుకు పావు వంతు దాకా పోతుంది. ఇంకో పని దొరికే వీలుంటే ఆగండి. 58 తర్వాత కూడా తీసుకోకుండా 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది.

ప్రశ్న (విల్లివాక్కం): 2004లో రిటైరైనప్పుడు పెన్షన్‌లో మూడో వంతు అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకున్నాను. ఇప్పటికీ తగ్గించిన పెన్షనే వస్తోంది.

జవాబు: 2008 సెప్టెంబరులో ఎత్తేసే ముందు కమ్యుటేషన్ అనే ఆ పద్ధతిలో తీసుకున్నవారికి, 15 ఏళ్లు నిండాక పూర్తి పెన్షన్ తిరిగి ఇవ్వాలని 2020 ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫై చేసింది. మీకు 15 ఏళ్లు 2019లోనే నిండాయి. పీపీఓ కాపీ, కమ్యుటేషన్ ఆర్డరు కాపీ జతచేసి పెన్షన్ విభాగానికి రాయండి. ఆర్డరు పోతే ఆ నెల బ్యాంకులో మొత్తం పడిన ఎంట్రీ కాపీ చాలు. రెండు తేదీలు స్పష్టంగా రాయండి: కమ్యుటేషన్ సొమ్ము అందిన రోజు, 15 ఏళ్లు నిండిన రోజు. రెండో తేదీ నుంచి బాకీ కూడా అడగండి.